తీసేసిన రెండు పట్టీలు

ఉదయగిరి
12-2-1979

సిద్ధయ్య చిన్నాయనకు జైతూన్‌బీ సలాములు.

ఈ పొద్దున కారులో కోడి గుడ్డు పెట్టింది. వెనక ఇరుసు ఉండాల్సిన చోట ఖాళీగా ఉందని అమాన్ అన్న అక్కడ పాత గోతాలు కుక్కినాడు. కోడికి ఆ చోటు నచ్చినట్టుంది. గుడ్డు తీసుకుపోయి చూపిస్తే అన్న నవ్వలేదు. "ఏడాదిగా దీంట్లో జరిగిన పని ఇదొక్కటే" అన్నాడు. అందుకే ఈ జాబు.

నా చేతిరాత మీకు కొత్త. మీ రిపేరు షెడ్డులో జాకీ జారినప్పటి నుంచి అన్న కుడిచేతికి బొటనవేలూ చిటికెనవేలే ఉన్నాయి కదా. కలం నిలవదు. ఆయన చెబుతాడు, నేను రాస్తాను. నెల్లూరు కాన్వెంటులో చదువు ముగించి ఇంటికొచ్చి రెండేళ్లయింది. మీరు నన్ను చివరిసారి చూసినప్పుడు రెండు జడలతో ఉన్నాను.

కాన్వెంటులో సిస్టర్ పారేయబోయిన ఇంగ్లీషు పత్రిక ఒకటి నేను తెచ్చుకున్నాను. దాంట్లో ఒక కారు బొమ్మ ఉంది. రెండే సీట్లు, పైకప్పు లేదు, నేలకు ఆనుకున్నట్టు ఉంటుంది. ఇంట్లోనే ఎవరో కట్టుకున్నారట. అన్న ఆ పేజీ నా చేత పదిసార్లు చదివించుకున్నాడు. ఇప్పుడు మా పెరట్లో దాని అస్థిపంజరం ఉంది. ఇంజనూ ముందు చక్రాలూ పాత ఫియట్‌వి దొరికినాయి. వెనక భాగం లేదు. ఆత్మకూరులో గోపాలయ్య గారి రైసుమిల్లు వెనక, ముందుభాగం నుజ్జయిన ఫియట్ ఒకటి పడి ఉందని విన్నాము. దాని వెనక ఇరుసూ, బరువు మోసే కమాన్ కట్టలూ, షాకబ్జర్లూ ఇప్పించగలరా?

"ఉస్తాద్‌ను అడగడానికి నాకు మొహం చెల్లదు, నువ్వే నీ మాటగా రాయి" అన్నాడు అన్న. ఎందుకు చెల్లదో చెప్పలేదు. ఆయన చెప్పలేదని కూడా నేను రాస్తున్నాను.

జైతూన్‌బీ

ఆత్మకూరు
20-2-79

అమ్మాయి జైతూన్‌కు సిద్ధయ్య దీవెనలు.

నా రాత కోడి కెలికినట్టు ఉంటాది, మీ ఇంట్లో కోడి ఉండాది కాబట్టి దానిచేత చదివించుకో.

మొహం చెల్లంది వాడికి కాదు, నాకు. జాకీ కింద చెక్క పెట్టమని చెప్పకుండా టీ తాగను పోయినోణ్ణి నేను. వేళ్లు పోయినాక వాడు మూడు నెలలు షెడ్డులోనే ఉన్నాడు. నేను వాడి చెయ్యి చూసినప్పుడల్లా తల తిప్పుకునేవాణ్ణి. అది చూసి వాడే పోయినాడు. ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండు.

గోపాలయ్యతో మాట్లాడినాను. "రెండు సీట్ల కారేంది సిద్ధయ్యా, పెళ్లాన్ని ఎక్కించుకుంటే పిల్లోళ్లను ఎక్కడ పెడతాడు" అన్నాడు. "ముందు పెళ్లి కానీ" అన్నాను. వెనక భాగం తీసుకోమన్నాడు.

అయితే ఒక చిక్కు ఉండాది. ఫియట్ బరువు వేరు, మీ అస్థిపంజరం బరువు వేరు. ఆ కమాన్లు అట్నే బిగిస్తే రోడ్డు మీద కారు కప్పమాదిరి ఎగరతాది. వెనకవైపు బరువు ఎంతో తూచి రాయండి. అందాజుగా రాయొద్దు. అమానుకు అందాజు జాస్తి.

సిద్ధయ్య

ఉదయగిరి
11-3-1979

చిన్నాయనకు సలాములు.

మీ జాబు అన్నకు చదివి వినిపించినాను. జాకీ సంగతి వచ్చిన చోట ఆగినాను. "చదువు" అన్నాడు. చదివినాను. లేచి పోయి కోళ్లకు గింజలు వేసి వచ్చినాడు. అప్పటికే అమ్మ వాటికి వేసి ఉంది.

బరువు తూచినాము. వెంగయ్య గారి చెనిక్కాయల కాటా అరువు తెచ్చి, ఛాసిస్ వెనకభాగం దాని మీద ఎక్కించినాము. మనుషుల బదులు బస్తాలు పెట్టాలి. "నిండు బస్తా నేను, సగం బస్తా జైతూన్" అన్నాడు అన్న. వెంగయ్య గారు "సగం ఎందుకబ్బా, పావు చాలు, ఆ పిల్ల తినేది పుస్తకాలే కదా" అన్నారు. నేను తలుపు సందులో నుంచి విన్నాను. మగవాళ్లు ఉన్నప్పుడు పెరట్లోకి రాను. అమ్మ వద్దంటుందని కాదు, వద్దనకపోయినా రాలేను. కాన్వెంటులో కూడా అంతే. జవాబు తెలిసినా లేచి చెప్పేదాన్ని కాదు.

అంకెలు వేరే కాగితం మీద రాసినాను. ఫియట్ బరువులో సగానికి కొంచెం పైన.

మీకు ఒక సంగతి చెప్పాలి. ఈ కారులో బిగించిన నట్టు ప్రతిదీ నేను బిగించిందే. అన్న చేతికి పానా నిలవదు. ఎవరూ లేనప్పుడు చాప వేసుకొని కిందికి దూరతాను. ఆయన పక్కన కూర్చొని "ఇంకో పావు చుట్టు" అంటాడు. ఊళ్లో ఎవరికీ తెలియదు. కారు కింద ఉన్నప్పుడు నన్ను ఎవరూ చూడరు. నాకు అక్కడ బాగుంటుంది.

జైతూన్‌బీ

ఆత్మకూరు
30-3-79

అమ్మాయి జైతూన్‌కు,

నీ అంకెలు చూసినాను. ఇంత శుభ్రంగా అంకెలు రాసే మెకానిక్కు నెల్లూరు జిల్లాలో లేడు. మా ఇంటామె ఆదిశేషమ్మకు చూపించి "చూడవే, పానా పట్టే పిల్ల" అన్నాను. "దాన్ని పట్టుకొని నువ్వు ఊరంతా చెప్పబాకు" అనింది. చెప్పను.

ఇరుసు విప్పినాను. కమాన్ కట్ట ఒక్కోదాంట్లో ఆరు పట్టీలు ఉండాయి. మీ బరువుకు నాలుగు చాలు. కట్టకు రెండు చొప్పున తీసేసినాను, తీసిన పట్టీలు నా దగ్గరే ఉండాయి. కట్టను ఇరుసుకు అదిమి పట్టే యూ బోల్టులు పాతవే పంపిస్తున్నాను, మరలు బాగుండాయి. షాకబ్జర్లు ఒకటి మంచిది, ఒకటి ముసలిది. అన్నీ బుధవారం బస్సు టాపు మీద వస్తాయి. డ్రైవర్ గురుస్వామి మనోడే.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. కమాన్ కట్ట పొట్టివైపు ముందుకు రావాల, పొడుగువైపు వెనక్కి. తిరగేస్తే చక్రం రేకుకు ఒరుసుకుంటాది. నట్లు ఒకేసారి ఒకటి పూర్తిగా బిగించొద్దు. మూలకు మూల కొంచెం కొంచెం బిగించాల.

అన్నిటికన్నా పెద్దమాట. కొత్తగా బిగించిన కమాను మొదటిసారి రోడ్డెక్కినాక కిందికి కూచుంటాది. కూచుంటే నట్లు వదులవుతాయి. పది మైళ్లు పోయొచ్చినాక కారు ఆపి, నట్లన్నీ మళ్లీ బిగించాల. ఆ పని చేసిందాకా రెండో అడుగు వేయొద్దు. వాడు రెండు వేళ్లతో నేనే చేస్తానంటాడు, చేయనియ్యొద్దు. నువ్వే బిగించు.

సిద్ధయ్య

ఉదయగిరి
29-4-1979

చిన్నాయనకు సలాములు.

అయిపోయింది. వెనక చక్రాల మీద కారు నిలబడింది.

మూడు వారాలు పట్టింది. పొట్టివైపు ముందుకే పెట్టినాము. కమాన్ చివర్ల ఉండే కళ్లను ఛాసిస్‌కు పట్టే బ్రాకెట్లు వెల్డింగు షాపులో చేయించినాడు అన్న. మొదటిసారి ఒక వైపు అర అంగుళం వెనక్కి వచ్చింది. దూరం నుంచి చూస్తే కారు పక్కకు చూస్తున్నట్టు ఉంది. మళ్లీ కోయించి అతికించినాము. తర్వాత నేను కిందికి దూరి యూ బోల్టులు బిగించినాను, మూలకు మూల, మీరు చెప్పినట్టే. నా చేతుల గ్రీజు వాసన అన్నంలో కూడా వస్తుంది. అమ్మ చూసింది. కుంకుడురసం గిన్నె పెట్టిపోయింది.

బోల్టుల గురించి ఇంకో మాట రాయబోతే అన్న వద్దన్నాడు. చిన్నదే, వదిలేస్తున్నాను.

మే 11 శుక్రవారం తెల్లారుతూనే మొదటిసారి రోడ్డెక్కిస్తాడట. పక్క సీటు నాదట. ఊరు లేవకముందే పది మైళ్లు పోయొచ్చి, తలుపులు మూసి నట్లు బిగించి, ఆ తర్వాత జనానికి చూపిస్తాడట. మీరు రావాలి. "ఉస్తాద్ వచ్చి ఒక్కసారి వెనక భాగం మీద కాలుపెట్టి ఊపి, సరే అంటే చాలు" అంటున్నాడు. కారుకు పసుపురంగు వేసినాడు. బాగాలేదు. బాగుందని చెప్పినాను.

జైతూన్‌బీ

ఆత్మకూరు
5-5-79

అమ్మాయి జైతూన్‌కు,

శుక్రవారం నేను రాలేను. అనంతసాగరం లారీ ఒకటి గేరుబాక్సు దించి ఉండాది, దాని డ్రైవరు నా గడప మీదనే పడుకొని ఉండాడు. అమానును కారులోనే ఆత్మకూరుకు రమ్మను. వాడు నా షెడ్డు ముందు ఆపితే, ఈసారి తల తిప్పుకోను. వాడి చెయ్యి పట్టుకొని మాట్లాడతాను. ఆ మాట వాడికి చదివి చెప్పు.

పసుపురంగు అంట! బస్టాండులో ఆపితే నిమ్మకాయల బండి అనుకుంటారు.

నట్లు మరవొద్దు.

సిద్ధయ్య

ఉదయగిరి
2-6-1979

చిన్నాయనకు,

అన్నను మట్టి చేసిన రోజు మీరు వచ్చినారని అమ్మ చెప్పింది. సాయంత్రం బస్సుకే పోయినారట. నేను లోపల ఉన్నాను.

ఏం జరిగిందో మీకు తెలిసే ఉంటుంది. దుత్తలూరు రోడ్డులో కల్వర్టు దగ్గర వెనక ఇరుసు పక్కకు జరిగింది. కారు అడ్డం తిరిగి కాలవలో పడింది. అన్న అక్కడికక్కడే పోయినాడట. పొద్దున తొమ్మిది గంటలకు.

మీ చివరి జాబు అన్నకు ముందే చదివి వినిపించినాను. చెయ్యి పట్టుకుంటానన్న మాట రెండుసార్లు చదవమన్నాడు. అది మీకు తెలియాలని రాస్తున్నాను.

ఇంకేమీ రాయలేను.

జైతూన్‌బీ

ఆత్మకూరు
9-7-79

అమ్మాయి జైతూన్‌కు,

నెల రోజులు ఈ కాగితం ముందర పెట్టుకొని కూచున్నాను.

మట్టికి వచ్చిన రోజు, మీ పెరట్లో లాక్కొచ్చి పెట్టిన కారు చూసినాను. ఒక్కసారే చూసినాను, ఇరుసు మీద కట్ట వదులుగా వేలాడతా ఉండాది. అప్పుడే తెలిసిపోయింది. ఎక్కువసేపు చూడలేక గోడవైపు తిరిగినాను.

వాణ్ణి చంపింది నేను. ఎట్నో చెబుతాను విను. ఆరు పట్టీల మందానికి చేసిన బోల్టు అది. నేను రెండు పట్టీలు తీసేసినాను. కట్ట పల్చనయింది. ఆ సందులో ఇనుప ముక్క పెట్టకపోతే నట్టు మర చివరిదాకా పోయి ఆగిపోతాది. చేతికి బిగిసినట్టే ఉంటాది, లోపల కట్ట మాత్రం వదులుగానే ఉంటాది. ఎంత బలంగా తిప్పినా అంతే. ఆ ముక్క పెట్టమని నీకు రాయలేదు. నలభై ఏళ్ల పనిలో ఎందరికో చెప్పిన మాట, నీకు రాయడం మరిచినాను. అప్పుడు జాకీ కింద చెక్క, ఇప్పుడు బోల్టు కింద ముక్క. రెండుసార్లూ వాడే.

నీ తప్పు ఇసుమంత కూడా లేదు. నువ్వు బిగించినావు, నాకు తెలుసు. నేను పంపిన సామాను అట్టాంటిది.

షెడ్డు తలుపులు వేసినాను. పానాలన్నీ పెట్టెలో వేసి తాళం పెట్టినాను.

సిద్ధయ్య

ఉదయగిరి
20-8-1979

చిన్నాయనకు సలాములు.

మీ తప్పు కాదు. అన్న ఎప్పుడూ మిమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఇప్పుడు ఉన్నా అనేవాడు కాదు. షెడ్డు తెరవండి.

ఇక్కడ వానలు లేవు. అమ్మ కారు మీద తార్పాలిన్ కప్పించింది. కోళ్లు దాని కిందికే పోతున్నాయి. నేను లైబ్రరీ నుంచి పుస్తకాలు తెప్పించుకుంటున్నాను. పేజీలు తిరుగుతున్నాయి కానీ ఏం చదివినానో గుర్తుండదు. ఆ ఇంగ్లీషు పత్రిక నా పెట్టెలో ఉంది. పారేయబోతే అమ్మ నా చేతిలో నుంచి లాక్కుంది. ఆమెకు చదవడం రాదు. బొమ్మ చూస్తుంది.

షెడ్డు తెరవండి.

జైతూన్‌బీ

ఆత్మకూరు
12-11-79

అమ్మాయి జైతూన్‌కు,

నీ జాబుకు జవాబు ఇవ్వలేదు, ఏమనుకోవద్దు. మీ తప్పు కాదు అని రాసినావు. అందరూ అదే మాట అంటా ఉండారు. ఆదిశేషమ్మ అంటాది, గోపాలయ్య అంటాడు, మొన్న గురుస్వామి బస్సు ఆపి మరీ అన్నాడు. ఎందుకు కాదో ఒక్కరూ చెప్పరు. నేను ఇనుముతో బతికినోణ్ణి. ఊరడింపు మాటలు నాకు ఎక్కవు.

మేకలు కొన్నాను. పద్దెనిమిది ఉండాయి. పొద్దున తోలుకపోతాను, సందేళకు తోలుకొస్తాను. మేక కాలు విరిగితే దాని ఖర్మ, నేనేం బిగించి ఉండను కదా. అయినా లెక్కపెట్టుకుంటా ఉంటాను, ఒకదాని మీద ఒకటి, మళ్లీ మళ్లీ. తిండి సయించడం లేదు. బతికి ఏం చేయాల అనిపిస్తా ఉండాది. ఆదిశేషమ్మకు చెప్పలేదు, నీకు చెబుతా ఉండాను.

ఈ నెల 25 ఆదివారం కొండాపురం నుంచి ఒకాయన వచ్చి షెడ్డులో సామానంతా ఎత్తుకపోతాడు. అయిపోతాది. తీసేసిన ఆ నాలుగు పట్టీలు మాత్రం ఇయ్యను. అవి నాతోనే ఉంటాయి.

నువ్వు చదువుకో. కారుల పక్కకు పోవద్దు.

సిద్ధయ్య

ఉదయగిరి
19-11-1979

సిద్ధయ్య చిన్నాయనకు జైతూన్‌బీ సలాములు.

ఈ జాబుతో ఒక గుడ్డమూట గురుస్వామి గారి చేతికి ఇచ్చినాను. 25వ తేదీకి ముందే మీకు అందాలని బస్సులో పంపుతున్నాను. ముందు మూట విప్పండి.

అది లారీ కమాన్ ముక్క. మధ్యలో బెజ్జం ఉంది. మీరు తీసేసిన రెండు పట్టీలు ఎంత మందమో సరిగ్గా అంత మందం. మీ దగ్గర ఉన్న పట్టీల పక్కన పెట్టి చూసుకోండి. రెండోది ఇంకా కారులోనే ఉంది. నిన్న తార్పాలిన్ కిందికి దూరి దీన్ని విప్పినాను.

సామాను బస్సు దిగిన రోజే అన్న కట్ట చేతిలోకి తీసుకొని బోల్టు పక్కన పెట్టి చూసినాడు. "ఉస్తాద్ ముక్క సంగతి మరిచినాడే" అన్నాడు. మరుసటి రోజే కొలిమి దగ్గరికి పోయి రెండు ముక్కలు కోయించుకొచ్చినాడు. నేను ఆ సంగతి మీకు రాయబోయినాను. "వద్దు. జాకీ సంగతే ఆయన ఇంకా మోస్తా ఉండాడు. మరిచినావని శిష్యుడు చెబితే ఆయనకు అన్నం దిగదు" అన్నాడు. ఏప్రిల్ జాబులో నేను వదిలేసిన చిన్న మాట అదే.

ముక్కలు పెట్టే బిగించినాను. నట్లు మర చివరిదాకా పోలేదు, ఇంకా నాలుగు చుట్లు మిగిలే ఉన్నాయి. ఇది ఊరడింపు కాదు. ముక్క మీ చేతిలో ఉంది.

మరి కట్ట ఎందుకు వదులయిందని మీరు అడుగుతారు. అడుగుతారని తెలిసే ఇన్ని నెలలు ఈ ముక్క గురించి రాయలేదు. మీరు మేకలు కొన్నారని చదివిన తర్వాత కూడా మూడు రోజులు ఆగినాను. మీరు మోస్తున్నంత కాలం నేను మోయనక్కరలేదు అనుకున్నాను. అంత చెడ్డదాన్నని నాకూ తెలియదు.

ఆ శుక్రవారం తెల్లవారుతూనే నేనూ అన్నా రోడ్డెక్కినాము. పది మైళ్లు. ఎవరూ లేరు. గాలికి కళ్లలో నీళ్లు తిరిగినాయి. రోడ్డు మీద గుంత వచ్చినప్పుడల్లా అన్న "చూడు, వెనక ఎట్లా కూచుంటా ఉండాదో, ఉస్తాద్ లెక్క" అని అరిచినాడు. నేను గట్టిగా నవ్వినాను. నా నవ్వు అంత గట్టిగా నేను ముందెప్పుడూ వినలేదు.

తిరిగి వచ్చి నన్ను వెనక సందులో దించినాడు. నట్లు బిగించాలి కాబట్టి సీటు కింద ఉన్న పానా నేను పట్టుకొని లోపలికి వచ్చినాను. ఆయన కారును చుట్టు తిప్పి పెరట్లోకి తెచ్చేసరికి అక్కడ పదిహేను మంది మగవాళ్లు ఉన్నారు. చప్పుడు విని వచ్చినారు. వెంగయ్య గారు కూడా ఉన్నారు. "దుత్తలూరు దాకా తోలి చూపించు అమానూ, అప్పుడు నమ్ముతాము" అన్నారు ఎవరో. అన్న "ఉండండి, ఒక పని ఉండాది" అన్నాడు.

పది మైళ్ల తర్వాత మళ్లీ బిగించాలని మీరు రాసినారు. రెండో అడుగు వేయొద్దని రాసినారు. నువ్వే బిగించు అని రాసినారు. చివరి జాబులో కూడా మరవొద్దన్నారు. మీరు ఏమీ మరవలేదు, చిన్నాయనా. ఆదివారం వచ్చే ఆయనను తిప్పి పంపండి. షెడ్డు తెరవండి. ఆ ముక్కను గోడకు తగిలించుకోండి.

అన్న నన్ను మూడుసార్లు పిలిచినాడు, తర్వాత కారు దుత్తలూరు వైపు పోయింది. నేను తలుపు వెనకనే ఉన్నాను. పానా నా చేతిలో ఉంది.

జైతూన్‌బీ